తేలుపేటలో నల్లతెర చదువు

నమోదు 1

బీబమ్మ పిన్ని రాయమంది కాబట్టి రాస్తున్నాను. ఏం రాయను పిన్నీ అంటే, "ఏదో ఒకటి రాయి. వంటింట్లో ఇవాళ ఏం జరిగిందో రాయి. ముందు నీ వేళ్లకి కీబోర్డు మీద అక్షరాలు ఎక్కడున్నాయో తెలియాలి" అంది.

నా పేరు లోవలక్ష్మి. తేలుపేట ఉమ్మడి వంటశాలలో వంట చేస్తాను. మా ఊరి పేరు విని బయటి పడవలవాళ్లు నవ్వుతారు. కుట్టే తేలు కాదండి, నీళ్ల మీద తేలుతుంది గనక తేలుపేట. బార్జీలనే పాత సరుకుల బల్లకట్టుల్ని ఒకదానికొకటి గొలుసులతో కట్టి, పెద్ద లంగరు వేసి, మా అమ్మమ్మల కాలంలో నిలబెట్టిన ఊరు. ఈ నీళ్ల కింద ఒకప్పుడు వరి చేలు ఉండేవట.

ఇన్నాళ్లూ ఏ పని కావాలన్నా పలుకు అనే యంత్రపు గొంతుకి నోటితో చెప్పేవాళ్లం. "పలుకూ, పై తొట్టిలోకి నీళ్లెక్కించు" అంటే ఎక్కేవి. "పలుకూ, తోటబార్జీలో దీపాలు తగ్గించు" అంటే తగ్గేవి. పోయిన తుఫానులో ఒడ్డుతో ఉన్న తీగ తెగిపోయింది. పలుకు బుర్ర అంతా ఒడ్డునే ఉండేదట, మా దగ్గరున్నవి చెవులూ నోరే. దాన్ని నడిపే కంపెనీ కూడా మూతపడిందని సరుకుల పడవవాళ్లు చెప్పారు. అప్పట్నుంచి ఎవరు ఎంత పిలిచినా జవాబు లేదు.

ఊళ్లో ఉన్న యంత్రం మాత్రం బతికే ఉంది. తెరంతా నలుపు. మూలన చిన్న గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. దానికి రాసి చెప్పాలి. అలా రాయడం తెలిసిన మనిషి ఊరు మొత్తానికి బీబమ్మ పిన్ని ఒక్కతే. వయసులో ఉండగా ఒడ్డున ఏదో పెద్ద ఆఫీసులో యంత్రాలు చూసుకునేదట. ఇప్పుడు చూపు ఆనదు, వేళ్లు వణుకుతాయి. ఎవరైనా ఆవిడ దగ్గర నేర్చుకోవాలని ఊరి పెద్ద సూరయ్య గారు అడిగితే అందరూ నేల చూపులు చూశారు. నేను చెయ్యెత్తాను.

ఎందుకంటే మా ఆయన చిట్టిబాబు పంపులు చూస్తాడు. పలుకు పోయినప్పట్నుంచి ఆ ఇనప చక్రాలు చేత్తో తిప్పీ తిప్పీ భుజాలు వాచిపోయాయి. కాపడం పెట్టేది నేనే కదా.

నమోదు 2

ఇవాళ చదువు మొదలైంది. కీబోర్డు మీద సగం అక్షరాలు చెరిగిపోయాయి. పిన్ని సున్నం పెట్టి గుర్తులు గీసింది.

మొదటి మాట పీడబ్ల్యూడీ. అలా రాసి మీట నొక్కితే, మనం యంత్రంలో ఎక్కడున్నామో చెబుతుంది. పిన్ని నవ్వుకుంది. "మా నాన్న చిన్నప్పుడు పీడబ్ల్యూడీ అంటే రోడ్లేసేవాళ్లు" అంది. రోడ్డు అంటే నాకు బొమ్మల్లో చూడ్డమే.

రెండోది ఎల్ఎస్. అంటే ఇక్కడేమున్నాయో చూపించు అని. మూడోది సీడీ, ఇంకో గదిలోకి వెళ్లు అని. యంత్రం లోపల గదులున్నాయి, గదుల్లో ఫోల్డర్లనే పెట్టెలున్నాయి, పెట్టెల్లో మళ్లీ పెట్టెలు. నేను సీడీ కొట్టుకుంటూ లోపలికి లోపలికి వెళ్లిపోయి దారి తప్పాను. చెమట్లు పట్టాయి.

"పిన్నీ, బయటికి ఎలా రావాలి?"

"ఎక్కడున్నావో అడుగు ముందు. భయపడితే ఎవరైనా చేసే పని అదే కదా, ఇది ఏ ఊరండీ అని అడగడం."

పీడబ్ల్యూడీ కొట్టాను. చెప్పింది. సీడీ, రెండు చుక్కలు కొట్టాను. ఒక గది వెనక్కొచ్చాను. మళ్లీ కొట్టాను. వాకిట్లోకి వచ్చి పడ్డాను. ఇంత చిన్న పనికి అంత సంతోషమేంటో నాకే అర్థం కాలేదు. వంటశాలకి తిరిగొచ్చేసరికి పప్పు అడుగంటింది. అయినా అందరూ తినేశారు.

నమోదు 5

ఒక అక్షరం తప్పు కొడితే యంత్రం "అలాంటి ఆజ్ఞ లేదు" అంటుంది. మొదట్లో ఏడుపొచ్చేది. పలుకైతే మనం సగం మాట మింగినా అర్థం చేసుకునేది. ఇది అలా కాదు. రాసిందే చేస్తుంది, రాయనిది చెయ్యదు. కానీ కొన్నాళ్లకి ఆ స్వభావం నచ్చడం మొదలైంది. మొహమాటం లేదు, వంకర లేదు. మా అత్తగారు కూడా ఇలాగే ఉండేది.

ఇవాళ ఆర్ఎమ్ నేర్పింది పిన్ని. తీసెయ్యి అని అర్థం. నేర్పేముందు నా చెయ్యి పట్టుకుని కీబోర్డు మీంచి పక్కన పెట్టింది.

"ఇది నిజంగానా అని అడగదు. ఆలోచించుకో అనదు. అందుకని తీసెయ్యమనే ముందు, ఏం తీస్తావో చదివి వినిపించు అని చెప్పు. దానికి ఎకో అని ఉంది. ముందు పైకి అనిపించు, అది నువ్వు చదువు, తర్వాతే చేయించు."

"అలాగే పిన్నీ."

"అలాగే అనడం కాదు. మొత్తం చదవాలి."

అలాగే అన్నాను మళ్లీ.

నమోదు 9

రాసుకోవలసిన రోజు ఇది.

కొన్నాళ్లుగా పిన్నీ నేనూ ఒక స్క్రిప్టు రాస్తున్నాం. స్క్రిప్టు అంటే, నల్లతెర మీద ఒక్కొక్కటే కొట్టే ఆజ్ఞల్ని వరసగా ఒక ఫైల్లో రాసి పెట్టడం. దాన్ని ఒక్కసారి పిలిస్తే అన్నీ చేసుకుపోతుంది. వంట చేసేదాన్ని కదా, నాకు ఇది వెంటనే ఎక్కింది. కొత్తగా వచ్చినావిడకి పులుసు ఎలా పెట్టాలో చెప్పినట్టే. నీళ్లు మరిగాయా చూడు. మరిగితే చింతపండు వెయ్యి. మరక్కపోతే ఆగి, మళ్లీ చూడు.

మా స్క్రిప్టు పై తొట్టి చూస్తుంది. నీళ్లు తగ్గితే పంపు వేస్తుంది. నిండితే ఆపుతుంది. ఏం చేసిందో ఒక వరస రాసుకుంటుంది. కాసేపు ఆగి మళ్లీ మొదటికొస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు పంపు వేసింది గానీ ఆపలేదు, ఎక్కడో ఒక బ్రాకెట్టు మర్చిపోయాను. రెండోసారి అసలు వెయ్యలేదు. ఇవాళ పొద్దున మా ఆయన ఎప్పట్లాగే చక్రం తిప్పడానికి వెళ్లి, చెయ్యి వేసేలోపే పంపు దానంతటది మొదలైతే ఉలిక్కిపడి వెనక్కి దూకాడట. తొట్టి నిండాక దానంతటదే ఆగిపోయింది.

వంటశాలకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

బల్ల మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పని లేని మనిషిలా చుట్టూ చూశాడు. పెళ్లయ్యాక ఆయన్ని అలా చూడ్డం ఇదే మొదటిసారి. వేడి వేడి చేపముక్క ఒకటి పెట్టాను.

నమోదు 14

తొట్టి పొంగింది. మంచినీళ్లు సముద్రంలోకి పోయాయి. ఎవరో కేకేస్తే మా ఆయన పరిగెత్తి పంపు ఆపాడు. స్క్రిప్టులో తప్పేమో అని నేను వరస వరసా వెతికాను.

తప్పు అందులో లేదు. యంత్రం "చోటు లేదు" అంటోంది. స్క్రిప్టు తను చేసిన పని రాసుకోవడానికి డిస్కు మీద చోటు దొరక్క, అక్కడే నిలబడిపోయింది.

చోటంతా ఎవరు తినేశారని పిన్నీ నేనూ ఒక్కో గదీ కొలుచుకుంటూ వెళ్లాం. విత్తనాల లెక్కలు ఓ పిసరు. వాతావరణం ఇంకో పిసరు. అన్నింటి అడుగునా ఒక పెద్ద గది, దాని పేరు 'గొంతులు'. మా యాస నేర్చుకోవడానికి పలుకు మేం అన్న ప్రతి మాటా ఒడ్డుకి పంపేముందు ఇక్కడే దాచిపెట్టుకుందట. ఊళ్లో పుట్టిన ప్రతి మనిషికీ ఒక ఫోల్డరు. పేర్లన్నీ వరసగా ఉన్నాయి. బతికున్నవాళ్లవీ, పోయినవాళ్లవీ.

మా అత్తగారి పేరు కనపడింది. తెరిచాను. "పలుకూ, ఈ పిల్ల కూరలో ఉప్పెంత వేసింది?" అని ఆవిడ గొంతు.

ఈ పిల్ల అంటే నేనే. పిన్ని పడీ పడీ నవ్వింది.

నమోదు 16

ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నాం. నీళ్లు ముఖ్యమా గొంతులు ముఖ్యమా అంటే, చెప్పడానికి పెద్దగా ఏముంది. అయినా తీసెయ్యమనే మాట అందరూ పక్కవాళ్ల మీదకి తోశారు. చివరికి సూరయ్య గారు ఒక దారి చెప్పారు. ఇళ్లవారీగా అందరూ వచ్చి వింటారు. కావాలనుకున్నవి కొన్ని వేరే ఫోల్డర్లో ఉంచుకుని, మిగతావి తీసెయ్యమని చెబుతారు. అలా చెప్పినవాళ్ల పేర్లు నేను జాబితా రాసుకుంటాను. అన్నీ అయ్యాక ఒక్క స్క్రిప్టుతో తీసేస్తాం. ఈ లోపు సర్దుకోవడానికి విత్తనాల పాత లెక్కలు తీసి కాస్త చోటు చేశాం.

నమోదు 18

ఇలాంటి రోజులు మళ్లీ వస్తాయా అనిపిస్తోంది. యంత్రం గది వంటశాలకి ఆనుకునే ఉంది కాబట్టి, నేను గరిటె తిప్పుతూనే అన్నీ వింటున్నాను.

జనం ఏడుస్తారనుకున్నాను. ఏడ్చినవాళ్లు తక్కువ. ఎందుకంటే ఎవరూ పలుకుతో గొప్ప మాటలేం మాట్లాడలేదు. నీళ్లెన్ని ఉన్నాయి, వాన వస్తుందా, దీపం తియ్యి, ఇంతే. సూరయ్య గారు కుర్రతనంలో పలుకుని రహస్యంగా అడిగిన మాట గదంతా వినిపించింది. "పలుకూ, మీసం తొందరగా రావాలంటే ఏం రాయాలి?" అని. ఆయన ముందు కండువాతో మొహం కప్పుకున్నారు. తర్వాత ఆయనే అందరికంటే గట్టిగా నవ్వారు. దాన్ని ఉంచమన్నారు.

గంగాదేవి పిన్నమ్మ అయితే ఒక్కటి విని చాలు తీసెయ్యమంది. ఆవిడ గొంతు అసలే ఊరి ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడుతుంది. "నేనింకా బతికే ఉన్నానుగా, నా గొంతు కావాల్సినవాళ్లు నా దగ్గరికే వస్తారు" అంది. జాబితాలో ఆవిడ పేరు రాసుకున్నాను.

రానిది ఒక్క బుల్లెమ్మ వదినే.

బుల్లెమ్మ వదిన వలలు బాగుచేస్తుంది. భర్త సరుకుల పడవ మీద తిరుగుతాడు, ఎప్పుడో గాని రాడు. వాళ్లకి ఒక్కతే కూతురు, దేవి. ఆ పిల్లని ఊళ్లో ఎరగనివాళ్లు లేరు. పొద్దస్తమానం పలుకుని ప్రశ్నలతో చంపేసేది. జ్వరం వచ్చి, ఒడ్డుకి తీసుకెళ్లేలోపే పోయింది. ఆ తర్వాత వదిన ఇంట్లో పలుకు నోరు తీసేయించింది.

భోజనం పట్టుకుని నేనే వెళ్లాను. వల అల్లుతూనే ఉంది.

"వదినా, దేవి గొంతు కూడా ఉంది అక్కడ. ఒక్కసారి వస్తావా?"

"నేను విననమ్మా."

"మరి తీసెయ్యమంటావా?"

"అలా అన్నానా? ఉండనీ. అక్కడెక్కడో ఉందని తెలిస్తే చాలు నాకు."

ఉంచాం. జాబితాలో దేవి పేరు రాయలేదు.

నమోదు 22

స్క్రిప్టు రాశాను. చాలా చిన్నది. జాబితాలోంచి ఒక్కో పేరూ తీసుకో, ఆ పేరున్న ఫోల్డరు తీసెయ్యి. పిన్ని చెప్పినట్టే ముందు ఎకో పెట్టి అనిపించాను. తెర మీద వరసలు జలజలా పైకి పోయాయి. మొదటివి కొన్ని చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పిన్ని కూడా కళ్లు చికిలించి చూసి "ఊఁ" అంది. ఎకో తీసేసి నడిపాను.

అంతా అయ్యాక ఎల్ఎస్ కొట్టాను. ఉండాల్సినవి ఉన్నట్టే అనిపించాయి. ఒకటి మాత్రం ఉండకూడనిది ఉంది. 'గంగా దేవి' ఫోల్డరు అలాగే ఉంది.

"ఇదెందుకు పోలేదు పిన్నీ?"

పిన్ని తెర దగ్గరికి మొహం పెట్టింది. నెమ్మదిగా అంది, "లోవా, ఆ పేరులో మధ్యన ఖాళీ ఉంది."

ఉంది. మేం కలిపే పిలుస్తాం గానీ పలుకు ఆవిడ పేరు గంగా అని ఒక మాటగా, దేవి అని ఇంకో మాటగా రాసుకుంది. జాబితాలో నేనూ అలాగే ఎక్కించాను. యంత్రానికి ఖాళీ వచ్చిందంటే ఒక పేరు అయిపోయి ఇంకో పేరు మొదలైనట్టు. ముందు 'గంగా' కోసం వెతికింది. అలాంటి ఫోల్డరు లేదు. తర్వాత 'దేవి' కోసం వెతికింది.

అది దొరికింది.

మళ్లీ ఎల్ఎస్ కొట్టబోతే పిన్ని నా మణికట్టు పట్టుకుంది. ఎప్పుడూ అంత గట్టిగా పట్టుకోలేదు.

"ఇంకొక్క అక్షరం కూడా కొట్టకు. నీ రాతలు కూడా ఆపు. ఉన్నపళంగా యంత్రం కట్టెయ్యాలి."

(ఈ నమోదు మొత్తం కాగితం మీద రాసి, తర్వాత ఎక్కించాను.)

కాగితం మీద, అదే రోజు

పిన్ని చెప్పింది ఇది. తీసెయ్యి అంటే యంత్రం నిజంగా చెరపదు. ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. కొత్తదేదైనా వచ్చి అక్కడ కూర్చునేదాకా పాతది అలాగే ఉంటుంది. కాబట్టి డిస్కు మీద ఎవరూ ఏమీ రాయకూడదు. నా పంపు స్క్రిప్టు ప్రతిసారీ ఒక వరస రాస్తుంది, అది ఆగాలి. తోట దీపాలు చూసేది కూడా రాస్తుంది, అదీ ఆగాలి. డిస్కు బయటికి తీసి, పిన్ని దగ్గరున్న పాత లాప్‌టాప్‌కి తగిలించి, మూలమూలా వెతకాలి. లాప్‌టాప్‌లో చోటు తక్కువ కాబట్టి కొంచెం కొంచెంగా. ఎన్నాళ్లు పడుతుందో తెలీదు.

అంటే ఊరు మళ్లీ చేత్తో నీళ్లు ఎక్కించుకోవాలి.

ముందు బుల్లెమ్మ వదిన దగ్గరికి వెళ్లాను. వెళ్లేటప్పుడు చాలా మాటలు అనుకున్నాను. తీరా వెళ్లాక, "దేవి ఫోల్డరు పోయింది వదినా. నా స్క్రిప్టే తీసేసింది" అని మాత్రం అనగలిగాను.

వల అల్లే కర్ర ఆగింది.

"నేను విననన్నాను," అంది. "పోవాలనలేదు."

"తెలుసు వదినా."

మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. తిట్టుంటే బాగుండేది.

సాయంత్రం అందరూ కూడారు. సూరయ్య గారు మంచి మనిషి, కానీ ఊరి బరువు ఆయన మీదుంది. "తోటలో ఆకుకూర వాడిపోతుంది. పసిపిల్లలున్న ఇళ్లున్నాయి. చేత్తో ఎన్నాళ్లు తిప్పుతాం? పోయిన పిల్ల మాట కోసం ఉన్న పిల్లల నీళ్లు ఆపుదామా, చెప్పండి" అన్నారు. అందులో న్యాయం లేదని ఎవరూ అనలేరు. బుల్లెమ్మ వదిన వెనక నిలబడి ఉంది. తనేమీ అడగలేదు.

గంగాదేవి పిన్నమ్మ లేచింది. "నా పేరులో తన పేరు ఉన్నందుకే కదా ఆ పిల్ల గొంతు పోయింది. నా వంతు చక్రం పొద్దుటా నేనే, సాయంత్రమూ నేనే. నీళ్లు తగ్గుతాయంటారా, నేను స్నానం మానేస్తాను, నా పక్కన కూర్చోకండి."

జనం నవ్వారు. ఆ నవ్వులోనే మా ఆయన లేచి, గుడ్డ మడతపెట్టి భుజం మీద వేసుకుని, పంపుల వైపు నడిచాడు. భుజాలు ఇప్పుడిప్పుడే కుదుటపడిన మనిషి. ఆయన వెనక ఇంకో ఇద్దరు వెళ్లారు. సూరయ్య గారు వాళ్లని కాసేపు చూసి, "సరే, వంతులు రాయండి. నా పేరు కూడా" అన్నారు.

కాగితం మీద, కొన్ని రోజుల తర్వాత

దొరుకుతున్నాయి! కానీ పిన్ని ముందే చెప్పినట్టు పేర్లు పోయాయి. ఎవరెవరివో గొంతులన్నీ కలిసిపోయి, పేర్లు లేని ముక్కలుగా వస్తున్నాయి. తీసెయ్యమన్న ఊరందరి మాటలూ అందులోనే ఉన్నాయి. ఒక్కొక్కటే విని, దేవిది కాకపోతే పక్కన పెట్టాలి.

చిక్కేంటంటే, పిల్లల గొంతులన్నీ నాకు ఒకేలా వినిపిస్తున్నాయి. ఇది దేవిదా, సూరయ్య గారి మనవరాలిదా? పిన్నికి అసలే తెలియదు. ఒకదాని మీద మేమిద్దరం వాదించుకుంటూ ఉంటే గుమ్మం దగ్గర నీడ పడింది. బుల్లెమ్మ వదిన. చంకలో వల ఉంది.

"అది దేవి కాదు," అంది అక్కణ్నుంచే. "దేవికి 'ర' పలకదు, 'ల' అంటుంది."

లోపలికి వచ్చి నా పక్కన కూర్చుంది. వల ఒళ్లో పరుచుకుంది. "పెట్టు," అంది.

పెడుతూ పోయాను. తను వల అల్లుకుంటూ, కాదు, కాదు, కాదు అంటోంది. మధ్యలో ఎవరిదో ముసలాయన దగ్గు, ఎవరో పంపుని తిట్టిన తిట్లు. మధ్యాహ్నం దాటింది. పక్కన అన్నం వార్చి వచ్చాను. మళ్లీ పెట్టాను.

"పలుకూ, చేపలకి దాహం వేస్తే మంచినీల్లు ఎవలిస్తాలు?"

ఆ గొంతు నాక్కూడా తెలిసింది. బుల్లెమ్మ వదిన వల మీంచి తల ఎత్తకుండానే, అలవాటుగా, విసుగ్గా అనేసింది:

"ముందు నువ్వు అన్నం తిను. చేపల సంగతి తర్వాత."

అనేశాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని పట్టుకున్నాను. ఏడుపూ ఉంది, నవ్వూ ఉంది. "రోజూ ఇదే గోల లోవా. ఒక్క ముద్ద తిన్నట్టుండేది కాదు, ఒక్క ముద్దకి పది ప్రశ్నలు" అంది. పిన్ని కళ్లజోడు తీసి తుడుచుకుంది. మేం ముగ్గురం ఆ పూట ఇంకేం వెతకలేదు.

నమోదు 31

యంత్రం మళ్లీ నడుస్తోంది. మళ్లీ తెర మీద రాస్తున్నాను.

దేవివి అన్నీ దొరకలేదు. కొన్నిటి మీద నా పంపు స్క్రిప్టు రాతలు కూర్చున్నాయి. కొన్ని సగంలో తెగిపోయాయి. దొరికినవి దొరికాయి, వాటికి ఒక ఫోల్డరు పెట్టాం. నీళ్ల చక్రం తిప్పి తిప్పి ఊరందరికీ చేతులు బొబ్బలెక్కాయి, వాటికి రాసీ రాసీ వంటశాలలో నూనెకి కరువొచ్చింది. ఆకుకూర ఒక మడి పోయింది, మిగతాది నిలబడింది. సూరయ్య గారు తిప్పింది తక్కువ, చెప్పుకోవడం ఎక్కువ.

నా స్క్రిప్టు దిద్దుకున్నాను. పేరుకి రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెడితే, మధ్యలో ఎన్ని ఖాళీలున్నా యంత్రం దాన్ని ఒకటే పేరుగా తీసుకుంటుంది. అంతే సంగతి. రెండు చిన్న గీతలు. ఇప్పుడు ఎకో పెట్టినప్పుడు ప్రతి వరసా పైకి చదువుతున్నాను. మా ఆయన పక్క గదిలోంచి "ఎవరితో మాట్లాడుతున్నావ్" అంటాడు.

బుల్లెమ్మ వదిన రోజూ మధ్యాహ్నం వల దులుపుకుని వస్తోంది. మొదటి రోజు నన్నే తెరిచి పెట్టమంది. రెండో రోజు, "ఆ నొక్కేదేదో నాకు చూపించు" అంది. పీడబ్ల్యూడీ దగ్గర మొదలుపెట్టాను. వల ముళ్లు వేసిన వేళ్లు కదా, నాకంటే తొందరగా పట్టింది. ఇప్పుడు తనే సీడీ కొట్టుకుని వెళ్తుంది, తనే తెరుచుకుంటుంది. రోజుకి ఒక్కటే. రెండోది వినమంటే వినదు. "తొందరేముంది" అంటుంది.

కొన్నిటికి తనే జవాబు చెబుతుంది. తెలియకపోతే మమ్మల్ని అడుగుతుంది. నీడకి బరువుంటుందా అన్నదాని మీద పిన్నీ తనూ ఒక పూటంతా వాదించుకున్నారు.

ఇవాళ్టిది ఇది. పడుకోబోయే ముందు అడిగినట్టుంది, గొంతులో ఆవలింత ఉంది.

"పలుకూ, మన ఊలు లాత్తిలిపూట ఎటైనా వెల్లి పొద్దున్నకి వచ్చేస్తుందా?"

బుల్లెమ్మ వదిన నా వైపు చూసింది. నేను పిన్ని వైపు చూశాను. పిన్ని, "ఇది పంపులాయన్ని అడగాలి" అంది. పిలిస్తే మా ఆయన వచ్చాడు. విని, నవ్వలేదు. వేలితో గాల్లో గుండ్రంగా గీస్తూ చెప్పాడు.

"నిజమే వదినా. పోటు వచ్చినప్పుడు లంగరు చుట్టూ ఊరు ఆ పక్కకి తిరుగుతుంది. పాటుకి మళ్లీ ఇటు వస్తుంది. మనకి తెలీదు గానీ, పొద్దున లేచేసరికి చాలాసార్లు మనం పడుకున్న చోట ఉండం."

"అవునా?" అంది వదిన.

"అవును. గొలుసు ఉన్నంత మేర వెళ్తుంది."

తను తెర వైపు తిరిగింది. మూలన ఆ చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది.

"వెళ్తుందట తల్లీ," అంది. "వచ్చేస్తుందట."

లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుని, వల ఎత్తుకుని పనిలోకి వెళ్లిపోయింది.